ఊపిరి ఆడని వేళ మెదడు - కార్టిసాల్ ప్రభావము

మానవ శరీరపు బరువులో మెదడు వంతు నూటికి రెండు పాళ్ళు మాత్రమే. అయినను విశ్రాంతి సమయమున శరీరము వినియోగించు ప్రాణవాయువులో సుమారు 20 పాళ్ళు దానికే కావలెను. దాచుకొను శక్తి దానికి లేదు. కావున గుండె ఆగినను, మనిషి నీట మునిగినను, కొలది నిమిషములలోనే నాడీకణములకు ముప్పు వాటిల్లును. జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోకాంపస్ భాగము మిక్కిలి సుకుమారమైనది. రక్తప్రసరణ తిరిగి సాగినను, అందలి కణములు కొన్ని దినముల తరువాత నశించుట కలదు.

ఆపద కలుగగానే మూత్రపిండములపై టోపీలవలె ఉండు అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును అధికముగా స్రవించును. ఉర్దూలో మనము పరేషానీ అనుకొను స్థితిలోనూ స్రవించునది ఇదియే. కాలేయముచేత గ్లూకోజును తయారు చేయించి రక్తమునకు అందించుట దీని ముఖ్య కార్యము. ఇది బొత్తిగా లేనిచో మనిషి జీవింపజాలడు.

అట్టి ఆప్తమిత్రుడు మెదడు విషయమున ఎట్లు ప్రవర్తించును? 1968లో అమెరికా శాస్త్రజ్ఞుడు బ్రూస్ మెక్యూయెన్, కార్టిసాల్ వంటి ఎలుకల హార్మోను హిప్పోకాంపస్‌లో విశేషముగా చేరి నిలుచునని చూపెను. 1985లో రాబర్ట్ సపోల్‌స్కీ, విలియం పల్సినెల్లీ ఎలుకల మెదడుకు రక్తమును కొంతసేపు నిరోధించి పరిశీలించిరి. హార్మోను అధికముగా ఇచ్చిన ఎలుకలలో కణనాశము పెరిగెను. అధివృక్క గ్రంథులను ముందే తొలగించిన వానిలో తగ్గెను.

ఇచట హార్మోను స్వయముగా హంతకి కాదు. అది నాడీకణములలోనికి గ్లూకోజు ప్రవేశమును కొంత తగ్గించును. ప్రాణవాయువు అందని కణము వెలుపల గ్లుటమేట్ అను రసాయనము పేరుకొనును. దాని ప్రేరణచే కాల్షియం లోనికి వెల్లువవలె చొచ్చుకొని వచ్చును. ఈ రెంటిని తొలగించుటకు శక్తి కావలెను. నీరెక్కుచున్న పడవలో నీరు తోడువానికి ఆ పూటే అన్నము తగ్గించినట్లున్నది కణము స్థితి!

కార్టిసాల్ జాతి ఔషధములు వాపును తగ్గించును గనుక ఈ విషయము వైద్యులకు ముఖ్యము. తలకు దెబ్బ తగిలిన 10,008 మందిపై జరిగిన క్రాష్ అను పరీక్ష 2004లో ఆపివేయబడెను. మిథైల్‌ప్రెడ్నిసోలోన్ పొందినవారిలో రెండు వారములలో 21.1 శాతము, పొందనివారిలో 17.9 శాతము మరణించిరి. తలగాయము, ప్రాణవాయువు లేమి ఒకటి కావు. అయినను ఈ వ్యత్యాసము ఉపేక్షింపదగినది కాదు.

అయితే హార్మోనును శత్రువనుట తొందరపాటు. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ప్రాణవాయువు లేమికి ఒకనాడు ముందుగా డెక్సామెథాసోన్ ఇచ్చినచో మెదడుకు రక్షణ కలిగెను. హాని జరిగిన పిదప ఇచ్చినప్పుడు ఆ రక్షణ కనబడలేదు.