రోగి శయ్యే పాఠశాల

అనంతపురం కరవుసీమ. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఈ నేలలో వేరుశనగ రైతు మేఘాన్ని నమ్ముకొని బతుకుతాడు. జబ్బు చేసినప్పుడు అతడు నమ్ముకొనేది ప్రభుత్వ వైద్యశాలను. 2000 సంవత్సరంలో అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడింది. దానికి అనుబంధమైన సర్వజన వైద్యశాలకు రాయదుర్గం, కల్యాణదుర్గం, ఉరవకొండ, తాడిపత్రి మొదలైన ప్రాంతాల నుండి రోగులు వస్తారు. రోగులకు అది వైద్యాలయం, విద్యార్థులకు విద్యాలయం.

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణంగా దేశమంతటా విద్యాసంస్థలు మూతపడ్డాయి. వైద్య విద్యార్థులు కూడా ఇళ్ళకు చేరి, సెల్‌ఫోన్ తెరల మీద పాఠాలు విన్నారు. అప్పుడు ఒక ప్రశ్న తలెత్తింది. ఉపన్యాసం తెర మీద వినవచ్చు. మరి వైద్యం తెర మీద నేర్వవచ్చునా?

తెరను తక్కువ చేయడం న్యాయం కాదు. అరుదైన గుండె చప్పుడును ధ్వనిముద్రణలో వందసార్లు వినవచ్చు. శస్త్రచికిత్సను దగ్గరగా చూపే దృశ్యాన్ని ఆపి, వెనుకకు తిప్పి, మళ్ళీ చూడవచ్చు. ఒకే మంచం చుట్టూ ముప్పయి మంది మూగినప్పుడు వెనుక వరుసలోని విద్యార్థికి ఆచార్యుని వీపు తప్ప మరేమీ కనిపించదు. అటువంటి వానికి తెరయే మేలు. శరీర ధర్మాలు, ఔషధ గుణాలు, రోగ లక్షణాలు వంటి జ్ఞానాంశాలను ఆన్‌లైన్ బోధన చక్కగా అందించగలదు.

అయితే రోగపరీక్షకు నాలుగు మెట్లున్నాయి: చూడడం, తాకడం, తట్టడం, వినడం. వీటిలో మొదటిదీ చివరిదీ కొంతవరకు తెరకు లొంగుతాయి. నడిమి రెండూ లొంగవు. రోగి ఊపిరి పీల్చినప్పుడు, పెరిగిన కాలేయపు అంచు వైద్యుని వేళ్ళకు తగులుతుంది. ఆ స్పర్శను ఎంత వర్ణించినా వేళ్ళకు తెలియదు. చల్లని చేతితో తాకితే కడుపు బిగుసుకొంటుందనీ, ముందుగా అరచేతులు రుద్దుకొని వెచ్చబరచుకోవాలనీ రోగి చెంతనే బోధపడుతుంది.

ఛాతీని తట్టి చూసే పద్ధతిని 1761లో ఆస్ట్రియా వైద్యుడు ఔవెన్‌బ్రుగ్గర్ ప్రకటించాడు. ఆయన పూటకూళ్ళ యింటి యజమాని కుమారుడు. పీపాను తట్టి లోపల ద్రవమెంత ఉందో తెలుసుకొనే అలవాటే ఆయనకు స్ఫూర్తి నిచ్చిందని చెబుతారు. మన ఇళ్ళలో కుండ కొనేటప్పుడు తట్టి చూడడం వంటిదే ఇది. గాలి నిండిన ఊపిరితిత్తి మీద తట్టితే శబ్దం మోగుతుంది. నీరు చేరిన చోట మొద్దుబారుతుంది. ఆ తేడాను చెవితోపాటు వేలు కూడా గుర్తిస్తుంది. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ కాగితపు గొట్టంతో గుండె చప్పుడు విని, స్టెతస్కోపుకు నాంది పలికినదీ రోగి చెంతనే.

రోగి మాట మరొక పాఠం. రాయదుర్గం నుండి వచ్చిన అవ్వ తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించవచ్చు. ఒకరు ఆయాసాన్ని నీరసమంటారు. మరొకరు ఛాతీనొప్పిని కడుపుమంట అంటారు. ఖర్చుకు జంకి కొందరు అసలు బాధను దాచిపెడతారు. పుస్తకంలోని లక్షణాలు వరుస తప్పవు. రోగి చెప్పే లక్షణాలకు వరుస ఉండదు. ఓపికతో విని, వాటిని వరుసలో పెట్టడమే వైద్యుని నేర్పు.

ఈ వివాదం న్యాయస్థానానికీ చేరింది. కరోనా వల్ల చైనా నుండి తిరిగివచ్చిన భారతీయ విద్యార్థులు మిగిలిన శిక్షణను ఆన్‌లైన్‌లో ముగించి పట్టాలు పొందారు. 2022 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ప్రత్యక్ష శిక్షణ లేని వారిని వైద్యులుగా నమోదు చేయాలని బలవంతపెట్టలేమని స్పష్టం చేసింది. వారి చదువు వ్యర్థం కాకుండా మార్గం చూపవలసిందిగా జాతీయ వైద్య కమిషన్‌ను ఆదేశించింది. ఆ మీదట కమిషన్ అటువంటి వారికి ఒక ఏడాదికి బదులు రెండేళ్ళ ఆసుపత్రి శిక్షణను విధించింది. తప్పు వారిది కాదు. అయినా రోగి ప్రాణం ముందు సానుభూతి ఒక్కటే చాలదు.

ప్రత్యక్ష శిక్షణ అయినంత మాత్రాన అది మంచి శిక్షణ కాదు. రోగి బోధనా పరికరం కాడు. అతని అనుమతి అడగాలి, మానం కాపాడాలి. రోగి దగ్గరకు వెళ్ళే ముందు తెర మీద పాఠం చదవాలి. రోగి దగ్గర చేయి నేర్వాలి. తిరిగివచ్చి తెర మీద సందేహం తీర్చుకోవాలి. దూరవైద్యం పెరుగుతున్న ఈ కాలంలో ఆ రెండూ కావలసినవే. అయితే ఎదుటి రోగిని పరీక్షించి ఎరిగిన వైద్యుడే, తెర మీది రోగిని చూసినప్పుడు తనకేది తెలియడం లేదో గ్రహించగలడు.

పట్టణంలో ఒక వైద్యుడు పొరబడితే మరొకరున్నారు. కరవు పల్లెలో బస్సు ఛార్జీకి అప్పుచేసి వచ్చిన రైతుకు తొలి వైద్యుడే తుది వైద్యుడు కావచ్చు. ఆ రైతు నాడి మీద పడే చేయి, అంతకుముందు మరెందరి నాడినో పట్టి చూసినదై ఉండాలి.

ప్రశ్నలు

1. రోగపరీక్షలోని నాలుగు మెట్లను పేర్కొని, తెరకు లొంగని వాటిని వివరించండి.
2. ఆన్‌లైన్ బోధన వల్ల వైద్య విద్యార్థులకు కలిగే ప్రయోజనాలేవి?
3. 2022 నాటి సుప్రీంకోర్టు తీర్పును వివరించి, దానిపై మీ అభిప్రాయం రాయండి.
4. ‘రోగి బోధనా పరికరం కాడు’ - ఈ వాక్యాన్ని సమర్థించండి.