రిమాండులోనూ ఆగకూడని మందు

కనకాలపేట యానాంలోను, యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోను భాగం కాబట్టి, అక్కడి కేసులో అరెస్టయినవారు సాధారణంగా యానాం మేజిస్ట్రేటు ముందుకు, రిమాండు పడితే యానాం సబ్‌జైలుకు చేరతారు. చుట్టూ ఉన్న ఆంధ్రప్రదేశ్‌లోని కేసులో అయితే ఆ రాష్ట్ర కోర్టులు, జైళ్ల పరిధిలోకి వెళతారు. పోలీసు, కోర్టు, జైలు ఏ ప్రభుత్వానివైనా, హెచ్‌ఐవీ ఉన్న ఖైదీకి దక్కవలసిన చికిత్స హక్కు మాత్రం ఒక్కటే.

2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టం, 2017లోని 31వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ కస్టడీలో ఉన్న ప్రతి వ్యక్తికి నివారణ, కౌన్సెలింగ్, పరీక్ష, చికిత్స సేవలు పొందే హక్కు ఉంది. శిక్ష పడినవారినే కాక విచారణ ఖైదీలను, అంటే నేరం ఇంకా రుజువు కానివారిని కూడా ఆ సెక్షన్ పేర్కొంటుంది. కనుక నాలుగు రోజుల రిమాండే కదా అని మందు ఆపడానికి చట్టంలో చోటు లేదు.

ఏఆర్‌టీ అనే మందులు వైరస్ పెరుగుదలను అణచి ఉంచుతాయి గాని దానిని శరీరం నుంచి తుడిచిపెట్టవు, అందుచేత మోతాదులు వరుసగా తప్పితే వైరస్ మళ్లీ పెరుగుతుంది, మందుకు లొంగని రకం తలెత్తే ముప్పూ ఏర్పడుతుంది. స్వల్పకాలపు కస్టడీలోనే ఈ ప్రమాదం ఎక్కువ: మాత్రలు ఇంట్లో ఉండిపోతాయి, జైలు వైద్యుడికి విషయం తెలిసేలోపే బెయిలు వస్తుంది, ఖైదీ భయంతో నోరు విప్పడు. ఆ భయం నిష్కారణమైనది కాదు. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజాను హెచ్‌ఐవీ ఉన్నదన్న ఒకే కారణంతో పోలీసులు నిర్బంధించి, పాత క్షయ వైద్యశాలలో ఒంటరిగా ఉంచారు. నేటి చట్టం 3వ సెక్షన్‌లో అలాంటి వెలివేతను వివక్షగా పరిగణించి నిషేధించింది. సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదని 5వ సెక్షన్ అంటుంది. న్యాయప్రయోజనాలకు అవసరమని కోర్టు ఆదేశిస్తే తప్ప, తన హెచ్‌ఐవీ స్థితిని వెల్లడించమని ఎవరినీ బలవంతపెట్టరాదని 8వ సెక్షన్ చెబుతుంది.

అరెస్టయిన వెంటనే వైద్యాధికారి పరీక్షించాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 53వ సెక్షన్, కస్టడీలోని వ్యక్తి ఆరోగ్యానికి కస్టడీదారుదే బాధ్యతని 56వ సెక్షన్ నిర్దేశిస్తున్నాయి కాబట్టి, మందు విషయం ఆ వైద్యుడికి ఏకాంతంగా చెప్పడం ఉత్తమం. మేజిస్ట్రేటుకు తెలపవలసివస్తే, నిండు కోర్టులో కాక న్యాయవాది ద్వారా లిఖితపూర్వకంగా చెప్పి, హెచ్‌ఐవీ చట్టం 34వ సెక్షన్ కింద గుర్తింపు గోప్యంగా ఉంచమని కోరవచ్చు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేదన్న బెంగ అక్కరలేదు, ఎందుకంటే 1987 నాటి న్యాయసేవల సంస్థల చట్టం 12వ సెక్షన్ కస్టడీలోని వ్యక్తికి ఉచిత న్యాయసహాయానికి అర్హత కల్పించింది.

మందు నిరాకరిస్తే ఫిర్యాదు వినడానికి ప్రభుత్వం నియమించే అంబుడ్స్‌మన్, అంటే హెచ్‌ఐవీ చట్టప్రకారం ఏర్పడిన స్వతంత్ర విచారణాధికారి, 30 రోజుల్లోగాను, అత్యవసర వైద్యస్థితిలో వీలైతే 24 గంటల్లోగాను ఆదేశమివ్వాలి. అప్పటికీ ఫలితం లేకపోతే యానాం వాసులు మద్రాసు హైకోర్టును ఆశ్రయించవచ్చు.

కుటుంబసభ్యులు ఏఆర్‌టీ పుస్తకం, మందుల చీటీ ఒకచోట భద్రపరచి, అరెస్టు తెలిసిన రోజే వాటిని న్యాయవాదికి అందజేయాలి. ఉచిత న్యాయసహాయానికి 15100, హెచ్‌ఐవీ సలహాకు 1097 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.