పాత ట్రాక్టర్ ఇంజన్లలో ఆయిల్ సంకలితాలు, ఫ్లషింగ్ ద్రవాల ప్రయోజనం: ఒక విశ్లేషణ

సారాంశం

వేల గంటలు పనిచేసిన ట్రాక్టర్లలో ఆయిల్ ఖర్చు, పొగ, శబ్దం పెరిగినప్పుడు రైతులు ఇంజన్ ఆయిల్‌లో విడిగా కలిపే సంకలితాలను, లోపలి మడ్డిని కడిగే ఫ్లషింగ్ ద్రవాలను ఆశ్రయిస్తున్నారు. మసి వల్ల బిగుసుకున్న పిస్టన్ రింగులు, గట్టిపడిన రబ్బరు సీళ్లు వంటి కొన్ని లోపాలలో వీటివల్ల కొంత మేలు కలుగవచ్చు. అరిగిన లోహాన్ని మాత్రం ఇవి పూరించలేవు. కనుక సీసా కొనడానికి ముందే లోపం ఏ తరగతికి చెందినదో నిర్ధారించడం అవసరం. ఆ నిర్ధారణకు ఉపకరించే లక్షణాలను, సంకలితాల ప్రభావాన్ని పొలంలోనే పరీక్షించే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

పరిచయం

దుక్కి, దమ్ము, నూర్పిడి, రవాణా పనులన్నింటికీ ఒకే ట్రాక్టర్‌పై ఆధారపడే రైతుకు ఇంజన్ విప్పించడం పెద్ద ఖర్చు. దానికంటే పెద్ద నష్టం పని రోజులు పోవడం. అందువల్ల కొన్ని వందల రూపాయలతో ఇంజన్‌కు పూర్వపు శక్తి వస్తుందన్న మాట సహజంగానే ఆకర్షిస్తుంది. ఆ మాట నిజం కానప్పుడు పోయేది సీసా ఖరీదు మాత్రమే కాదు. రింగులతో ముగియవలసిన మరమ్మతు, వాయిదా పడిన కొద్దీ లైనర్లకు, బేరింగులకు, చివరకు క్రాంక్ షాఫ్ట్‌కు పాకుతుంది.

ఆయిల్‌లో ముందే ఉన్న సంకలితాలు

బజారులో దొరికే ఇంజన్ ఆయిల్ కేవలం మూల తైలం కాదు. లోహపు ఉపరితలాలను శుభ్రంగా ఉంచుతూ ఆమ్లాలను తటస్థీకరించే కాల్షియం, మెగ్నీషియం డిటర్జెంట్లు, మసి కణాలు గుమిగూడకుండా చెదరగొట్టి ఉంచే డిస్పర్సెంట్లు, ఒత్తిడి అధికంగా ఉన్న చోట రక్షణ పొరను ఏర్పరచే జింక్-భాస్వరం సమ్మేళనం, ఆక్సీకరణను, నురుగును అరికట్టే పదార్థాలు, ఉష్ణోగ్రతతో చిక్కదనం మారకుండా చూసే పాలిమర్లు అందులో తగు పాళ్లలో ఉంటాయి. ఏపీఐ సిహెచ్-4, సిఐ-4 వంటి ప్రమాణాలు ఈ మొత్తం మిశ్రమాన్ని ఇంజన్లలో నడిపి పరీక్షించిన మీదట ఇచ్చేవి.

విడిగా ఒక పదార్థాన్ని చేర్చినప్పుడు ఆ పరీక్షించిన సమతూకం మారుతుంది. డిటర్జెంట్లు, అరుగుదల నిరోధకాలు రెండూ లోహపు ఉపరితలం కోసమే పోటీపడతాయి. ఒకటి మితిమీరితే రెండవదాని పని తగ్గుతుంది. అలాగే, ఆయిల్ మార్చిన కొద్ది గంటలకే నల్లబడటాన్ని చూసి అది చెడిపోయిందని చాలామంది భావిస్తారు. డీజిల్ ఇంజన్‌లో అది సాధారణమే. డిస్పర్సెంట్ మసిని తనలో నిలుపుకొంటున్నదనడానికి అది గుర్తు.

లోపాల వర్గీకరణ

పాత ఇంజన్ ఆయిల్‌ను హరించడానికి గల కారణాలను మూడు తరగతులుగా చూడవచ్చు.

మొదటిది అరుగుదల. గాలితో పాటు లోనికి చేరిన దుమ్ము రింగులను, లైనర్లను అరగదీస్తుంది. పొడి దుక్కిలోనూ, నూర్పిడిలోనూ ఎయిర్ క్లీనర్ గిన్నెలోని ఆయిల్‌ను సకాలంలో మార్చకపోవడం, గొట్టాల బిగింపులు వదులుగా ఉండటం దీనికి ప్రధాన హేతువులు. కంప్రెషన్ తగ్గడం, బ్రీదర్ నుంచి పొగ ఒత్తిడితో రావడం, బరువు పడినప్పుడు నీలిరంగు పొగ పెరగడం, స్టార్టింగ్ కష్టమవడం దీని లక్షణాలు.

రెండవది పేరుకున్న మసి, మడ్డి. ఎక్కువసేపు ఐడిలింగ్‌లో నడపడం, తక్కువ బరువుతో నిరంతరం పనిచేయించడం, ఆయిల్ మార్పు ఆలస్యం చేయడం వల్ల రింగులు గాడిలో బిగుసుకుపోతాయి. లక్షణాలు అరుగుదలను పోలి ఉన్నా లోహం ఇంకా పరిమితులలోనే ఉండవచ్చు. అయితే తక్కువ బరువు వల్ల లైనర్ లోపలి గోడ అద్దంలా నునుపెక్కి ఉంటే ఏ రసాయనమూ పనిచేయదు. దానిని హోనింగ్ ద్వారానే సరిచేయాలి.

మూడవది కారడం. రబ్బరు సీళ్లు వేడికి గట్టిపడి కుంచించుకుపోతాయి. ఆయిల్ ఇంజన్‌లో కాలిపోదు, నేలపాలవుతుంది. పొగలో మార్పు కనబడదు.

ఈ మూడింటికీ చెందని రెండు సూచనలను వెంటనే గుర్తించాలి. గేజిపై ఆయిల్ మట్టం పెరుగుతూ పలుచబడితే ఫీడ్ పంపు డయాఫ్రం లేదా ఇంజెక్టర్ల నుంచి డీజిల్ కలుస్తున్నదని, ఆయిల్ పాలవలె తెల్లబడితే రేడియేటర్ నీరు చేరుతున్నదని అర్థం. ఈ స్థితిలో సంకలితం వేయడం నిరర్థకం, ట్రాక్టర్ నడపడం ప్రమాదకరం.

విడిగా అమ్మే సంకలితాల పనితీరు

చిక్కదనం పెంచే రకం అరుగుదల లక్షణాలను తాత్కాలికంగా కప్పివేస్తుంది. పొగ, శబ్దం తగ్గుతాయి, ఆయిల్ ప్రెషర్ గేజి ముల్లు పైకి లేస్తుంది. అరుగుదల మాత్రం ఆగదు. పైగా చలి ఉదయాలలో చిక్కని ఆయిల్ పై భాగాలకు చేరడం ఆలస్యమవుతుంది.

సీళ్లను మెత్తబరచి ఉబ్బించే రకం గట్టిపడిన రబ్బరు సీళ్ల విషయంలో కొంత ఉపయోగకరం. చినిగిన సీలుకు గాని, పాత నమూనాలు కొన్నింటిలో క్రాంక్ షాఫ్ట్ వెనుక ఉండే తాడు రకం సీలుకు గాని దానివల్ల మేలు లేదు.

టెఫ్లాన్ కణాలు లోహానికి పూతగా అంటుకొని అరుగుదలను సగానికి తగ్గిస్తాయన్న తరహా ప్రచారం వివాదాస్పదమైనది. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో స్లిక్ 50 తయారీదారులపై, తగిన ఆధారాలు లేకుండా ఇటువంటి ప్రకటనలు చేశారని ఆరోపణ మోపింది. 1997లో ఆ వ్యవహారం ఒప్పందంతో ముగిసింది. స్టార్ట్ చేసిన తొలి క్షణాలలో ఇంజన్‌కు రక్షణే ఉండదన్న వాదననూ కమిషన్ తప్పుపట్టింది. విక్రేత మాటకు ఆధారం అడిగే హక్కు రైతుకు ఉన్నదని ఈ ఉదంతం గుర్తుచేస్తుంది.

మరొక జాగ్రత్త అవసరం. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులు గల ట్రాక్టర్లలో గేర్ బాక్సు, హైడ్రాలిక్ వ్యవస్థలకు తరచు ఒకే ఆయిల్ ఉంటుంది. రాపిడి తగ్గించే సంకలితాన్ని పొరపాటున అందులో పోస్తే బ్రేకులు జారే ప్రమాదం ఉన్నది.

ఫ్లషింగ్

ఫ్లషింగ్ ద్రవాలు ద్రావకాలు, డిటర్జెంట్ల మిశ్రమాలు. పాత ఆయిల్‌లో కలిపి, సీసాపై సూచించిన కొద్ది నిమిషాలు ఐడిలింగ్‌లో నడిపి, మొత్తం వదిలివేయాలి. పలుచని మడ్డి ఉన్న ఇంజన్‌లో ఇది ఉపకరిస్తుంది. ఏళ్ల తరబడి పేరుకున్న మందపు మడ్డి పెచ్చులుగా ఊడితే సంపులోని జాలి మూసుకుపోయి, బేరింగులకు ఆయిల్ అందక నిమిషాలలోనే నష్టం జరగవచ్చు. సంపులో డీజిల్ లేదా కిరోసిన్ పోసి ఇంజన్ నడిపే అలవాటు మరింత హానికరం. వాటికి బేరింగులను తేల్చి ఉంచగల చిక్కదనం లేదు, వదిలిన తరువాత మిగిలిన భాగం కొత్త ఆయిల్‌ను పలుచబరుస్తుంది.

మందపు మడ్డి ఉన్నచోట సంపు విప్పి జాలిని శుభ్రపరచడం, తరువాత సిఫారసు చేసిన ఆయిల్‌ను, ఫిల్టర్‌ను రెండు మూడు పర్యాయాలు సగం గడువుకే మార్చడం సురక్షితం. ఆయిల్‌లోని డిటర్జెంట్లే మడ్డిని నెమ్మదిగా కరిగిస్తాయి. 2020 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే డీజిల్‌లో గంధకం మిలియనుకు 10 భాగాలకు పరిమితమైనందున ఆమ్లాల భారం కూడా పూర్వంకంటే తగ్గింది.

క్షేత్రస్థాయి పరీక్ష

సంకలితం పనిచేసిందని చెప్పే రైతులు అబద్ధం చెప్పడం లేదు. సాధారణంగా వారు దానిని కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్‌తో పాటు వేస్తారు. కలిగిన మార్పులో కొత్త ఆయిల్ వాటా ఎంత, సంకలితం వాటా ఎంత అన్నది అప్పుడు తేలదు. రెండింటినీ వేరుచేయడానికి కింది క్రమం అనుసరణీయం.

1. ఎయిర్ క్లీనర్‌ను, గొట్టాల బిగింపులను సరిచేసి, కంప్రెషన్ కొలిచి నమోదు చేయాలి.
2. సిఫారసు చేసిన గ్రేడు ఆయిల్, ఫిల్టర్ మాత్రమే మార్చి 50 గంటలు నడపాలి. చదునైన నేలపై, ఇంజన్ ఆపిన తరువాత ఒకే వ్యవధికి మట్టం చూసి, పోసిన ఆయిల్‌ను మిల్లీలీటర్లలో రాయాలి.
3. అదే ఆయిల్, ఫిల్టర్‌ను మళ్లీ మార్చి, ఈసారి సంకలితంతో, వీలైనంతవరకు అదే తరహా పనిలో మరో 50 గంటలు నడిపి పోల్చాలి.
4. చివరగా కంప్రెషన్ తిరిగి కొలవాలి.

ఉదాహరణకు 50 గంటలలో 1 లీటరు ఆయిల్ పోయవలసి వస్తే గంటకు 20 మిల్లీలీటర్లు. ఆ ట్రాక్టర్ గంటకు 4 లీటర్ల డీజిల్ వాడుతుంటే ఆయిల్ ఖర్చు డీజిల్‌లో 0.5 శాతం. పొగ తగ్గి, కంప్రెషన్ మారకపోతే లక్షణం కప్పబడిందే గాని లోపం తొలగలేదు. కంప్రెషన్ పెరిగి, ఆయిల్ ఖర్చు తగ్గి, అది తరువాతి ఆయిల్ మార్పు తరువాత కూడా నిలిస్తే బిగుసుకున్న రింగులు వదులయ్యాయని భావించవచ్చు.

ముగింపు

పాత ఇంజన్‌కు సంకలితం మందు కావచ్చు, మరుగు కావచ్చు. ఏదన్నది లోపాన్ని బట్టి ఉంటుంది. మసి, గట్టిపడిన సీళ్లు ఉన్నచోట పరిమిత ప్రయోజనం ఆశించవచ్చు. అరుగుదల ఉన్నచోట ఆ సొమ్మును రింగుల మార్పుకు దాచుకోవడమే మేలు. విస్తరణ సిబ్బంది రైతుకు ఏ సీసా మంచిదో చెప్పడం కంటే, పని గంటలు, పోసిన ఆయిల్ రాసుకునే చిన్న పుస్తకాన్ని అలవాటు చేయడం ఉపయుక్తం. ఆ లెక్క నెలనెలా పెరుగుతున్నప్పుడు మరమ్మతును సీజన్ మధ్యలో కాక, పనులు లేని వేసవిలోనే రైతు నిర్ణయించుకోగలుగుతాడు.