గ్రబ్ తెర మీద బొమ్మ ఎందుకు రాదు?

లినక్స్ కంప్యూటరుకు స్విచ్ వేయగానే కనిపించే గ్రబ్ 2 పట్టిక వెనుక మీకు నచ్చిన బొమ్మ పెట్టారు. తెర మాత్రం నల్లగానే ఉంది. కారణమేమిటి?

గ్రబ్ పని చేసేది కెర్నెల్ మేల్కొనక ముందు. కనుక బొమ్మను డిస్కులో వెతకడం, చదవడం తానే చేసుకోవాలి. దానికి పి.ఎన్.జి., జెపెగ్, టి.జి.ఎ. రకాలే తెలుసు. జెపెగ్‌లోనూ 'ప్రోగ్రెసివ్' రకాన్ని చదవలేదు.

వరుసగా ఇవి చూడండి:

1. బొమ్మను పి.ఎన్.జి.గా మార్చండి. ఫైలు పేరులో చివరి అక్షరాలు మార్చినంతమాత్రాన రకం మారదు.

2. దానిని 'బూట్' డైరెక్టరీలోని 'గ్రబ్'లో ఉంచండి.

3. డెబియన్, ఉబుంటులలో 'అప్‌డేట్-గ్రబ్' ఆదేశమిచ్చి, వచ్చే వరుసల్లో బొమ్మ పేరు ఉందేమో చూడండి.

'గ్రబ్.సి.ఎఫ్.జి.' ఫైలును మాత్రం చేత్తో దిద్దకండి. బొమ్మ రాకపోతే నష్టం లేదు. ఆ ఫైలులో తప్పు దొర్లితే లినక్సే మొదలు కాకపోవచ్చు!