సోకైన అక్షరం ఎంత దూరం కనిపిస్తుంది?

వినాయక చవితికి కాణిపాకంలో బ్రహ్మోత్సవాలు మొదలవుతాయి. ఆ రోజుల్లో కట్టే బ్యానర్లను పరీక్షగా చూడండి. స్వామి పేరు వంపులు తిరిగిన లావాటి అక్షరాలలో ఉంటుంది. తేదీలు, వేళలు మాత్రం సాదా అక్షరాలలో ఉంటాయి. ఎందుకీ తేడా?

ఆ సోకైన వాటిని అలంకార అక్షరాలు అందాం. అవి పుస్తకం లోపలి పుటలకు కాక శీర్షికలకు, పోస్టర్లకు, శుభలేఖలకు పుట్టినవి. కంప్యూటర్లు రాకముందు వాటిని చిత్రకారులు కుంచెతో రాసేవారు. బాపు (1933–2014) చేతిరాత ఇందుకు మంచి ఉదాహరణ. పుస్తకాల అట్టల మీద మెరిసిన ఆ రాత తర్వాత కంప్యూటరు ఫాంటుగా మారింది. పాతకాలపు అందం కావాలనుకునేవారు నేటికీ దాన్ని పెళ్లి శుభలేఖలకు వాడుతున్నారు. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా అందించిన ఫాంట్లలో ‘ధూర్జటి’ కూడా శీర్షికల కోసం చేసినదే. దానికి మన శ్రీకాళహస్తి కవి పేరు పెట్టారు.

మరి పాఠ్యపుస్తకమంతా ఇలాంటి అక్షరాలతో అచ్చువేస్తే? జవాబు మన కంటిలో ఉంది.

డిగ్రీలో 60వ వంతును ఒక నిమిషం అంటారు. రెండు గీతల నడుమ ఖాళీ మన కంటి దగ్గర కనీసం ఒక నిమిషం కోణం చేస్తేనే, మంచి చూపున్నవారికి అవి విడివిడిగా కనిపిస్తాయి. అంటే 3 మీటర్ల దూరానికి ఆ ఖాళీ సుమారు 0.9 మి.మీ. ఉండాలి. 30 మీటర్లకు 9 మి.మీ. కావాలి. చూపు తగ్గిన తాతయ్యకు ఇంకా ఎక్కువ కావాలి.

‘ప’కూ ‘ఫ’కూ తేడా కింద ఉన్న చిన్న గీతే. అక్షరాన్ని లావు చేసి, వంపులు పెంచితే లోపలి ఖాళీలు తగ్గిపోతాయి. చిన్న సైజులో అచ్చువేస్తే సిరా అలుక్కుని మిగిలిన ఖాళీ కూడా పూడుకుపోతుంది. అప్పుడు ‘ఫలం’ ‘పలం’ అవుతుంది! అదే అక్షరాన్ని జానెడు ఎత్తున రాస్తే ఖాళీలూ పెరుగుతాయి, చిక్కు తీరుతుంది.

మీరే చేసి చూడండి. రెండు అట్టముక్కల మీద 3 సెం.మీ. ఎత్తున ‘ఫలం’ అని రాయండి. ఒకటి సాదాగా, రెండోది లావుగా, వంపులతో ఉండాలి. ఇంకో రెండింటి మీద ‘పలం’ అని అలాగే రాయండి. వాటిని కలిపి, ఒక్కొక్కటిగా గోడకు ఆనించి మీ స్నేహితుణ్ణి దూరం నుంచి నడిచి రమ్మనండి. ఏ అట్టను ఎన్ని మీటర్ల దగ్గర సరిగ్గా చదివాడో టేపుతో కొలిచి పట్టిక వేయండి.

కనుక అలంకారం పెద్ద సైజుకూ, నాలుగైదు మాటలకూ తగినది. మందు సీసా మీద మోతాదు, కరెంటు స్తంభం మీద ‘ప్రమాదం’ బోర్డు వంటివి సాదాగానే ఉండాలి. అక్కడ ఒక గీత కనిపించకపోతే ప్రాణం మీదికి రావచ్చు.

చివరగా ఒక లెక్క: 60 మీటర్ల దూరం నుంచి చదవవలసిన బోర్డులో గీతల నడుమ ఖాళీ కనీసం ఎంత ఉండాలి?