ఇనుము తేలుతుందా?

అక్కలారా! ఇనుప మేకును నీళ్లలో వేస్తే ఏమవుతుంది? బుడుంగున మునిగిపోతుంది. మరి వేల బస్తాల సరుకు మోసే ఇనుప ఓడ సముద్రం మీద ఎలా తేలుతోంది?

చోడవరంలో ఏడో తరగతి పిల్లలు నన్ను ఇదే అడిగారు. పాఠం చెప్పాను. తలలు ఊపారు గాని నమ్మినట్టు లేదు. "అయితే మీరే ఓడ కట్టి చూడండర్రా" అన్నాను.

పాత నూనె డబ్బా రేకులు తెచ్చాం. 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రేకులు రెండు తీసుకున్నాం. మొదటి రేకును మడిచి, సుత్తితో కొట్టి చిన్న బిళ్ల చేశాం. తొట్టిలో వేస్తే అడుక్కి పోయింది. రెండో రేకుకు నాలుగు వైపులా 5 సెంటీమీటర్ల అంచు పైకి లేపాం. మూలలు కొయ్యలేదు, మడిచాం. కోస్తే నీరు కారుతుంది కదా! (రేకు అంచు చెయ్యి కోస్తుంది. పెద్దవాళ్లే మడవాలి.) ఈ రేకు తేలింది!

"రేకు అదే, బరువు అదే. ఇదెందుకు తేలింది?" అని అడిగాను.

"లోపల ఖాళీ ఉంది మేస్టారూ" అంది ఒక పిల్ల.

సరిగ్గా చెప్పింది. నీళ్లలో పెట్టిన ఏ వస్తువైనా కొంత నీటిని పక్కకు నెడుతుంది. ఆ నీటి బరువు ఎంతో, అంత బలంతో నీరు ఆ వస్తువును పైకి తోస్తుంది. నిండు బిందె నూతి నీటిలో ఉన్నంతసేపూ తేలిక. నీటిపైకి రాగానే తాడు బరువెక్కుతుంది. ఈ సంగతి నీళ్లు తోడే మీకు ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. మా ఓడ పొడవు 20, వెడల్పు 10, ఎత్తు 5 సెంటీమీటర్లు. మూడూ గుణిస్తే 1000. అంటే 1 లీటరు. లీటరు నీరు కిలో బరువు. రేకు బరువు 150 గ్రాములు. అంటే 850 గ్రాముల లోపు సరుకు వేయవచ్చు. పిల్లలు చింతపిక్కలు తూచి వేశారు. ఒక పక్కనే పోసినవాళ్ల ఓడ బోల్తా పడింది. సమంగా పరిచినవాళ్లది నిలిచింది.

మన విశాఖపట్నంలో కట్టిన 'జల ఉష' ఓడను 1948 మార్చి 14న నెహ్రూగారు నీళ్లలోకి దింపారు. అది 8000 టన్నుల ఓడ. అయినా లోపల బోలే!

ఒకే కొలతలో ఎంత బరువు ఉందో దాన్ని సాంద్రత అంటారు. లీటరు నీరు 1000 గ్రాములు. లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములే. అందుకే నూనె నీటిపై తేలుతుంది. నూనె పొట్లం మీద లీటర్లు, గ్రాములు రెండూ వేస్తారు. కూడబలుక్కుని చదవండి. కిలో నూనెకు డబ్బు తీసుకుని లీటరు కొలిచి పోస్తే, మీకు 90 గ్రాములు తగ్గినట్టే. ఆ మాట కొట్లోనే అడగండి.

వానాకాలం గెడ్డలు పొంగుతాయి. ఎవరైనా నీళ్లలో పడితే, ఈత రానివాళ్లు దూకవద్దు. 10 లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ డబ్బాకు మూత బిగించి, తాడు కట్టి విసరండి. నీటిలో మనిషి బరువును చాలావరకు నీరే మోస్తుంది. తల పైన ఉంచడానికి ఆ డబ్బా సాయం చాలు. మూత లేకపోతే మాత్రం నీరు నిండి మునుగుతుంది.

మీ ఇంట్లో అలాంటి డబ్బా ఉందా? ఎన్ని లీటర్లదో దాని మీద చదవండి. మూత గట్టిగా పడుతుందో లేదో తొట్టిలో ముంచి చూడండి.