థైరాయిడ్ గోళీలు – కీళ్ల నొప్పులు



సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మందుల చీటీ చేతికిచ్చి "ఇది దేనికి రాసిండ్రో చూడు బిడ్డా" అని అడగని ఇల్లు మనలో ఎవరికైనా ఉందా? ఇంట్లో మొదట డిగ్రీ దాకా వచ్చింది మనమే కాబట్టి సీసా మీద అక్షరాలు చదివే పని కూడా మనదే. నేను చదివింది బయోకెమిస్ట్రీ, డాక్టర్ చదువు కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మా వాడలో ఎవరూ నమ్మరు! అక్కడ నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది: "థైరాయిడ్ గోళీ మొదలుపెట్టినప్పటి సంది కీళ్లు నొస్తున్నయ్, బంద్ చెయ్యాల్నా?"

దీనికి జవాబు చెప్పే ముందు మనం ఎదురు ప్రశ్న వేయాలి. ఏ గోళీ? ఊళ్లో ఒకే పేరుతో పిలిచే ఈ గోళీలు రెండు రకాలు. ఒకదాని పనికి మరొకదాని పని పూర్తిగా వ్యతిరేకం.

పాఠాల్లో అవటు గ్రంథి అని చదువుకున్నదే థైరాయిడ్. మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండి థైరాక్సిన్ అనే హార్మోనును తయారుచేస్తుంది. ఇది తగ్గితే మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి టీఎస్‌హెచ్‌ను ఎక్కువగా వదిలి "ఇంకా తయారుచెయ్" అని తొందరపెడుతుంది. అందుకే రిపోర్టులో టీఎస్‌హెచ్ ఎక్కువ ఉందంటే సాధారణంగా థైరాయిడ్ తక్కువైందని అర్థం. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు.

హార్మోను తక్కువైన వారికి ఇచ్చేది లెవోథైరాక్సిన్. ఎల్ట్రాక్సిన్, థైరోనార్మ్ అనే పేర్లతో దొరుకుతుంది. మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. ఎక్కువైన వారికి ఇచ్చేది కార్బిమజోల్. నియోమెర్కజోల్ అనే పేరుతో వస్తుంది. దాని మోతాదు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. ముందు సీసా మీద ఇది చూడండి.

మొదటి రకం సంగతి. థైరాక్సిన్ తగ్గడమే కీళ్ల నొప్పులకు ఒక కారణం. నీటిని పట్టి ఉంచే కొన్ని పదార్థాలు అప్పుడు కణజాలంలో పేరుకుపోతాయి. కీళ్లు బిగుసుకుంటాయి, కండరాలు లాగుతాయి, మణికట్టు దగ్గర నరం నలిగి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. కాబట్టి గోళీ వేసుకునే మనిషికి నొప్పి ఉందంటే చాలాసార్లు అది గోళీ తెచ్చినది కాదు, గోళీ ఇంకా తీర్చనిది. ఈ మందు శరీరంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, పూర్తిగా కుదురుకోవడానికి ఆరు వారాలు. అందుకే మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ మళ్లీ పరీక్ష చేయరు. టీఎస్‌హెచ్ సరైన తర్వాత కూడా కండరాల నొప్పులు పోవడానికి కొందరికి నెలలు పడుతుంది. మోతాదు అవసరానికి మించినా ఇబ్బందే. గుండె దడ, చేతుల వణుకు, కండరాల నీరసం వస్తాయి. ముట్లుడిగిన ఆడవాళ్లకు ఎముకలు పలచబడతాయి.

మా చిన్నమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. నాట్లకూ కలుపుకూ పోయే మనిషి. గోళీ మొదలుపెట్టి రెండు నెలలైనా మోకాళ్లు, మణికట్లు నొస్తూనే ఉన్నాయి. ఊళ్లో ఒక ఆర్ఎంపీ "ఎముకలు అరిగినయ్" అని కాల్షియం గోళీలిచ్చాడు. మరిచిపోకుండా ఉంటుందని రెండూ పొద్దున్నే ఒకేసారి చాయ్‌తో మింగేది. కాల్షియం కడుపులోనే థైరాక్సిన్‌ను పట్టుకుని రక్తంలోకి పోనివ్వదు. చాయ్ కూడా దానికి తోడు. ఇంకేముంది, నొప్పులు పెరిగాయి. థైరాయిడ్ గోళీయే పడలేదనుకుని దాన్ని ఆపేసి కాల్షియం మాత్రం వాడుకుంది! మూడు నెలలకు ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, కొడవలి పిడి పట్టుకోలేకపోయింది. కూలి పోయిన రోజుల లెక్క ఆమెకు వేళ్ల మీద ఉంది. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి మాట "దీంతో పాటు ఇంకేం మింగుతున్నావమ్మా?" ఇప్పుడు థైరాయిడ్ గోళీ పరగడుపున నీళ్లతో, చాయ్ గంట తర్వాత, కాల్షియం రాత్రి అన్నం తిన్నాక. నాలుగో నెలకు పిడికిలి బిగిసింది. ఎడమ మోకాలు ఇంకా నొస్తోంది. అది ముప్పై ఏళ్ల నాట్లది, థైరాయిడ్‌ది కాదని డాక్టరమ్మ చెప్పారు.

హాస్టల్ చెల్లెళ్లకు ఒక మాట. మనకిచ్చే ఐరన్ గోళీ కూడా ఇలాగే అడ్డుపడుతుంది. రెంటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఇక రెండో రకం. కార్బిమజోల్ విషయంలో మాత్రం "గోళీ వల్లే నొప్పులా?" అన్న అనుమానం సరైనదే కావచ్చు. కొద్దిమందికి మొదలుపెట్టిన తొలి వారాల్లో ఒక కీలు తర్వాత ఒకటి నొస్తూ, వాస్తూ వస్తాయి. దద్దురు, జ్వరం కూడా ఉండవచ్చు. మందు ఆపితే సాధారణంగా తగ్గిపోతుంది. కానీ దాన్ని ఆపడం, వేరే దారి చూడటం డాక్టరు చేయాల్సిన పని. మోతాదు ఎక్కువై హార్మోను మరీ పడిపోయినా నొప్పులొస్తాయి కనుక పరీక్ష లేకుండా ఏదో తేలదు.

ఒక్క సందర్భంలో మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. కార్బిమజోల్ వాడేవారికి జ్వరంతో గొంతు నొప్పి వచ్చినా, నోరు పూసినా తర్వాతి గోళీ వేసుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి తెల్ల రక్తకణాల పరీక్ష చేయించాలి. వెయ్యిమందిలో రెండు నుంచి అయిదుగురికి ఈ మందు వల్ల ఆ కణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. పారాసిటమాల్ వేసుకుని పడుకుంటే సరిపోదు.

చరిత్రలో ఒక విచిత్రం చూడండి. 1914 డిసెంబర్ 25న అమెరికాలో థైరాక్సిన్‌ను మొదట వేరుచేసిన ఎడ్వర్డ్ కెండాల్‌కే 1950లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి వచ్చింది. థైరాక్సిన్‌కు కాదు, కీళ్లవాతానికి వాడిన కార్టిసోన్‌కు దారితీసిన అడ్రినల్ హార్మోన్ల పరిశోధనకు.

ఆ కీళ్లవాతాన్నీ మరిచిపోవద్దు. శరీర రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌పై దాడి చేసే హషిమోటో జబ్బు ఉన్నవారిలో కీళ్లవాతం కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. పొద్దున లేచాక గంటకు పైగా వేళ్లు బిగుసుకుని ఉండి, రెండు చేతుల కణుపులూ వాస్తే దానికి వేరే పరీక్షలున్నాయి.

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసి పెట్టండి: గోళీ పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, నొప్పి మొదలైన తేదీ, ఏయే కీళ్లు, దానితో పాటు మింగే మిగతా గోళీలన్నీ. ఓపీలో డాక్టరు ముందు అమ్మకు దొరికేది అయిదు నిమిషాలు. సీసాను కూడా సంచిలో వేసి పంపండి.